తెప్ప ఎక్కాల్సిన మోకాలు

ఆగస్టు 9

తెగింది. పూర్తిగా.

ఎమ్మారై ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. నాకేం తెలుస్తుంది — నల్ల మబ్బు, పక్కన తెల్ల మబ్బు. డాక్టరు గారు పెన్ను మొన పెట్టి, ఇక్కడ తాడులా ఒకటి కనపడాలండి, లేదు, అన్నారు. ఏసీఎల్ అంటారట. మోకాలి లోపల నడిమధ్య ఉండే లిగమెంటు. ముప్ఫై తొమ్మిదేళ్లు నాలోనే ఉంది, ఉన్నట్టే తెలియదు. పోయాక పేరు తెలిసింది.

దానంతట అది అతుక్కోదట. ఆపరేషన్ చేస్తే తొడ వెనక నుంచి ఒక పీలిక తీసి కొత్త తాడు వేస్తారట. మళ్లీ మామూలు మనిషి కావడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. బాసింపట్టు వేసుకుని ఎప్పుడు కూర్చోవచ్చండీ అని అడిగాను. ముందు కుర్చీలో కూర్చుందురు గాని అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. నేను అదే పట్టుకున్నాను. కొందరికి ఆపరేషన్ లేకుండానే, చుట్టూ ఉన్న కండ గట్టిపడితే, తాడు లేని లోటు తెలియదట. కొందరికి ఎంత చేసినా మోకాలు జారుతూనే ఉంటుందట. నేను ఏ రకం? మూడు నెలలు వ్యాయామం చేస్తే గాని చెప్పలేమండి, తొందర లేదు, కానీ ఈలోపు జారనివ్వకండి, జారిన ప్రతిసారీ లోపలి మెత్తలు చిరుగుతాయి... అన్నారు.

మూడు నెలలు! పక్కనే ఉన్న మా ఆవిడ శారద ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం కూర్చున్నచోటే గంతేయాలనిపించింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. సరిగ్గా నవంబరుకి.

ఆగస్టు 10

క్షీరాబ్ది ద్వాదశి నవంబరు 13న. పంచాంగం నాలుగుసార్లు చూశాను, మారలేదు.

కొల్లేటి ఒడ్డున మా గుడిలో ఈ ఏడు అర్చన వంతు మాది. ఓ ఏడు మాకు, ఓ ఏడు బాబాయి గారి ఇంటికి — తాతగారి నాటి ఏర్పాటు. వంతు ఎవరిదైతే ఆ ఏడు తెప్పోత్సవానికి వాళ్లే స్వామిని గుండెలకి హత్తుకుని తెప్ప ఎక్కించాలి. కుడికాలు ముందు. ఎక్కీ ఎక్కగానే ఉన్నచోటే కుడివైపుగా తిరిగి ఒడ్డుకి ఎదురు నిలబడాలి. స్వామి జనానికి వీపు చూపించకూడదు కదా. పద్నాలుగు కిలోల పంచలోహం చేతుల్లో, కాళ్ల కింద కదిలే బల్ల, బల్ల కింద కొల్లేరు.

బరువు కుడికాలి మీద. తిరగడం కుడివైపు. పోయిందీ కుడి మోకాలే.

నిన్న ఇదంతా డాక్టరు గారికి చెప్పాను. "ఏ పని చేయొద్దని మేం మొత్తుకుంటామో, సరిగ్గా దాన్నే మీరు ఉత్సవంగా పెట్టుకున్నారండి" అన్నారు.

ఆగస్టు 11

ఊరంతా వైద్యులే.

బావగారు తాడేపల్లిగూడెం నుంచి ఫోను. కామవరపుకోట దగ్గర ఒకాయన కట్టు కడతాడట, మూడు కట్లకి మనిషి పరిగెడతాడట. ఆశ పుట్టింది, ఎందుకు అబద్ధం. నంబరు తీసుకుని నేనే మాట్లాడాను. ఆకు పసరు, పిండి, కోడిగుడ్డు సొన అన్నాడు. సొన లేకుండా కట్టలేరా నాయనా, నేను అర్చకుణ్ణి, అన్నాను.  ఎంతో మర్యాదగా, "సొన లేకపోతే కట్టు నిలవదండి పంతులు గారూ... పైగా లోపల తెగిందంటున్నారు, ఎముకైతే చూద్దును" అన్నాడు. నిజాయితీపరుడు. కాపాడాడు.

పెదవేగి నుంచి పామాయిల్ తోట రైతు, నేను పూజలు చేయించే పాత యజమాని, సాయంత్రం చూడ్డానికి వచ్చారు. తన రక్తమే తీసి తిప్పి తన మోకాలికే ఎక్కించారట, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందట. డాక్టరు గారికి మెసేజ్ పెట్టాను. అరిగిన నొప్పికి కొందరికి పనిచేయొచ్చు, తెగిన తాడుని అది కట్టదు — అని జవాబు. ఆయన ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఆగస్టు 13

ఎలా తెగిందని ఇవాళ పదకొండో మనిషికి చెప్పాను. ఇక్కడ ఒకసారి రాసి పెట్టేస్తే వచ్చినవాళ్లకి ఈ పేజీ చూపిస్తాను.

జులై ఆఖరి ఆదివారం. కొల్లేటికోటలో చేపల చెరువు పూజ. చేపపిల్ల వదిలే ముందు కొబ్బరికాయ కొట్టించి, పసుపూ కుంకుమా నీళ్లలో వదలడానికి గట్టు దిగాను. కుడికాలు పిక్కదాకా బురదలో దిగబడింది. వెనక నుంచి ఎవరో "పంతులు గారండీ, హారతి పళ్లెం" అన్నారు. నేను తిరిగాను. కాలు తిరగలేదు. టప్ మంది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. పూజ మాత్రం కూర్చుని పూర్తి చేశాను. అది మూర్ఖత్వమో భక్తో శారద ఇంకా తేల్చలేదు.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. ఇన్నేళ్లలో ఈ శుక్రవారం నేను ఇంట్లో ఉండటం ఇదే మొదలు. కాలు రెండు దిండ్ల మీద. ఇద్దరు యజమానులకి ఫోను స్పీకరులో పెట్టి వ్రతం చేయించాను. ఒకావిడ తోరం కట్టుకునే చోట ఫోను పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. నేను కథ ఎవరికి చెప్పానో ఆ తల్లికే తెలియాలి.

రేపు తాడేపల్లిగూడెం. అక్క వెతికి పెట్టిన ఫిజియో. ఆడపిల్లట, మహా కఠినమట.

ఆగస్టు 17

పేరు రమ్య గారు. ముప్ఫై ఉంటాయేమో. అత్తిలి వైపు వరిరైతుల అమ్మాయి. నమస్కారం పెట్టాక మొదటి మాట — కాలు లేపండి.

బల్ల మీద పడుకుని, మోకాలు తిన్నగా ఉంచి, మడమ జానెడు లేపాలి. అంతే. లేవలేదు! నా కాలికి నేను చెబుతున్నాను, అది వినట్లేదు. చెమటలు పట్టాయి. కోపం వచ్చింది, దాని మీదే. రమ్య గారు తొడ మీద వేలు పెట్టి, ఈ కండ నిద్రపోతోందండి, దెబ్బ తగిలాక భయపడి పడుకుంది, లేపాలి, అన్నారు. కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని మోకాలితో నొక్కమన్నారు. నొక్కాను. నొక్కాను. ఇరవయ్యోసారికి కండ ఉలిక్కిపడింది. కళ్లారా చూశాను.

నవంబరు సంగతి చెప్పాను. నవ్వలేదు, కుదరదనీ అనలేదు. "చూద్దామండి" అన్నారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఏలూరు దాకా కిటికీ పక్కన కూర్చుని పాడుకుంటూ వచ్చాను.

ఆగస్టు 20

లేచింది!! జానెడు. మడమ గాల్లో. అమ్ములు స్కేలు తెచ్చి కొలిచింది. ఆరో తరగతి పిల్లకి తండ్రి మడమ కొలిచే పని పడింది. పద్దెనిమిది సెంటీమీటర్లు అని కేక. శారద వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఏమైందో అనుకున్నానండీ అని గోడకి ఆనుకుంది.

ఆగస్టు 24

గూడెం. మోకాలు నూట పది డిగ్రీలు వంగుతోంది. వాపు సగం. ఒంటికాలి మీద పది సెకన్లు.

ఆగస్టు 28

పళ్లు తోముకుంటూ ఒంటికాలు. సంధ్యావందనం అయ్యాక ఒంటికాలు. పాలవాడు వచ్చేసరికి గుమ్మంలో కొంగలా నేను. ఏవండీ పంతులు గారూ, ఏమైనా మొక్కా అన్నాడు. అవునన్నాను.

సెప్టెంబరు 1

కుంటు లేకుండా వీధి చివరిదాకా నడక! తిన్నగా నడుస్తుంటే అసలు తెగిన మోకాలేనా అనిపిస్తోంది. మోకాలికి కట్టుకుంటున్న బెల్టు తీసేయొచ్చేమో అని ఫోనులో అడిగాను. రమ్య గారు ఒక్క అక్షరం కూడా వృథా చేయలేదు — వద్దు.

శేషు వచ్చాడు. బాబాయి కొడుకు, గుడి పక్కనే ఇల్లు. ఈ నెల్లాళ్లూ నిత్యపూజ వాడే చూస్తున్నాడు. పాపం వెళ్తూ వెళ్తూ, "అన్నయ్యా, తెప్పోత్సవానికి ఈసారి నేను ఎక్కించేస్తాలే, నువ్వు ఒడ్డునుండి మంత్రం చెప్పు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వంతు మాది రా అన్నాను. అనాల్సినదానికన్నా గట్టిగానే అన్నాను. కాఫీ సగంలో పెట్టి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 7

చవితి. ఏం చేశాను నేను.

ఎనిమిది ఇళ్లు ఒప్పుకున్నాను. కాలు చాపుకుని ఎత్తుపీట మీద కూర్చుంటానని ముందే చెప్పి. మూడు ఇళ్లు దివ్యంగా జరిగాయి. నాలుగో ఇంట్లో పెద్దావిడ పంచె కింద కనపడుతున్న బెల్టు వంక చూస్తూ, అది తోలాండీ బాబూ, అన్నారు. కాదమ్మా గుడ్డే అంటే సరిపోయేది. మడి పట్టింపు ఇల్లు, వాదం ఎందుకని తీసి సంచిలో పడేశాను. పడేసి, తర్వాతి ఇంటికి అలాగే వెళ్లాను. హాయిగా ఉంది కూడా.

అయిదో ఇల్లు కొత్త దంపతులు. ఆత్మప్రదక్షిణ దగ్గరికి వచ్చేసరికి ఎటు తిరగాలో తెలియక ఒకరికొకరు ఎదురు తిరుగుతున్నారు. నోటితో చెబితే చాలు. ఇలాగమ్మా, అని లేచాను. చేతులు జోడించి, కుడికాలి మీద, కుడివైపుగా, గిర్రున...

మోకాలు పక్కకి పోయింది. ఎముక మీద ఎముక జారడం నాకు తెలిసింది. పత్రి మీద పడ్డాను. వినాయకుడికి ఏం కాలేదు.

ఏడువందల ఇళ్లల్లో చేయించి ఉంటాను ఆ మూడు చుట్లు. బురదలో తిరిగిందీ అలాగే, ఇక్కడ తిరిగిందీ అలాగే. ఒక్కసారి కూడా తట్టలేదు.

సెప్టెంబరు 8

గుమ్మడికాయలా వాచింది. అమ్ములు స్కేలు తీయలేదు.

సెప్టెంబరు 10

డాక్టరు గారు లాగి, నొక్కి, తిప్పి చూశారు. మెత్తలకి ఏం కానట్టే ఉంది, ఈసారికి బతికారండి, అన్నారు. శారద సూటిగా అడిగేసింది: ఆపరేషనే మంచిదాండీ?

ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతలో — వయసు, పని, మోకాలు, మూడూ చూడాలి. రోజూ మెలితిరిగే పని ఉన్నవాళ్లకి ఆపరేషన్ వైపే మొగ్గుతాను. కానీ ఈయన జారింది వ్యాయామం పనిచేయక కాదు, బెల్టు తీసి గిర్రున తిరగడం వల్ల. కాబట్టి ఇంకో అవకాశం న్యాయమే. ఒక్క షరతు. ఇకమీదట జాగ్రత్తగా ఉండి కూడా ఒక్కసారి జారితే — బేరాల్లేవు, డిసెంబరులో ఆపరేషన్.

ఒప్పుకున్నాను. స్వామి మీద ఒట్టు అన్నాను. ఆయన, స్వామి ఎందుకండీ, కాగితం మీద రాయండి చాలు అని గళ్ల కాగితం ఒకటి ఇచ్చారు. రోజుకో వరస. నొప్పి, వాపు, ఆఖరి గడి — జారిందా? అవును, కాదు. రమ్య గారు ప్రతి శనివారం చూస్తారు.

సెప్టెంబరు 14

రమ్య గారు తిట్టలేదు. తిడితే బాగుండేది. బెల్టు పెట్టించి, రెండు చేతులూ పట్టుకుని, ఆత్మప్రదక్షిణ చూపించమన్నారు. నెమ్మదిగా తిరగబోయాను. ఆగండి, అన్నారు.

"పాదం పాతేసి మనిషి తిరుగుతున్నారండి. ఆ మెలి అంతా ఎవరు మోయాలి? మోకాలే కదా. పాదం ఎత్తి పెట్టండి. చిన్న చిన్న అడుగులు. ఒక చుట్టుకి ఎనిమిది."

పిల్లి నడకలా ఉంటుందండీ, ఆత్మప్రదక్షిణ అలా చేయరు, అన్నాను. పాదం ఎత్తకూడదని ఎక్కడైనా రాసి ఉందా అని అడిగారు. ఉంటుంది, చూసి చెబుతానన్నాను.

ఇంకోటి. ఆవిడ మోకాలి మీద మచ్చలు. మెట్టు ఎలా ఎక్కాలో చూపిస్తూ కాలు పెట్టినప్పుడు కనపడ్డాయి. కాలేజీలో ఖోఖో ఆడుతూ తెగిందట. ఆపరేషన్ చేయించుకున్నారట. మరి నాకెందుకు వద్దంటున్నారండీ అన్నాను. నేను వద్దనలేదండి, చూద్దామన్నాను, నాకు మళ్లీ ఆడాలనుండేది, ఆరు నెలలు ఏడ్చుకుంటూ చేసినా ఆడాను, అన్నారు. ఏ దారైనా వ్యాయామం తప్పదండి, ఆపరేషన్ అయితే తప్పించుకోవచ్చనుకోకండి... అని కూడా అన్నారు.

సెప్టెంబరు 17

నాన్నగారి పుస్తకాలన్నీ దింపాను. ప్రయోగ విధులు మూడు, వ్రతకల్పాలు రెండు. పాదం ఎత్తకూడదని ఎక్కడా లేదు! కుడివైపుగా తిరగాలి అని ఉంది, అంతే. నాన్నగారు అలా గిర్రున తిరిగేవారు, నేను చూసి అలాగే తిరిగాను. ఆయన మడమ మీద తిరుగుతుంటే పంచె అంచు గొడుగులా లేచేది. అది చూసి నేర్చుకున్నానన్నమాట. శాస్త్రం కాదు, పంచె.

ఎంత సంతోషంగా ఉందో. ఎనిమిది అడుగులు. ఇల్లంతా తిరుగుతున్నాను.

సెప్టెంబరు 28

జారిందా — కాదు. పద్దెనిమిదో కాదు.

కుర్చీలోంచి ఒంటికాలి మీద లేవడం, పదిసార్లు. ఎడమ తొడ, కుడి తొడ టేపుతో కొలిస్తే తేడా రెండు వేళ్లే. రమ్య గారు బాగుంది అన్నారు. ఆవిడ నోట ఆ మాట ఇదే మొదలు, తారీఖుతో సహా రాసి పెడుతున్నాను.

అక్టోబరు 5

బియ్యం మూట పద్నాలుగు కిలోలు తూచి కట్టించాను. గుండెలకి హత్తుకుని, కుడికాలు పీట మీద పెట్టి, ఎక్కి, ఎనిమిది అడుగుల్లో సగం — నాలుగు — వేసి గుమ్మం వైపు తిరగడం. శారద ఎదురుగా నిలబడి జనం. అమ్ములు వెనక నిలబడి ఎప్పుడో ఒకప్పుడు తోస్తుంది. చెప్పకుండా. అది ఫిజియో గారి ఆజ్ఞేనట, ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటున్నారు.

అక్టోబరు 12

దసరా. బెల్టు పెట్టుకునే గుడికి వెళ్లాను. పంచె కింద, గుడ్డ బెల్టు, రోజూ ఉతికి ఆరేస్తున్నాం. తోలా అని అడిగితే ఈసారి జవాబు సిద్ధం. ఎవరూ అడగలేదు.

రెండున్నర నెలల తర్వాత గర్భగుడి. నూనె దీపం వాసన. ఏడుపొచ్చింది. శేషు చూసి, పొగకి అన్నయ్యా, అన్నాడు. మంచివాడు.

అక్టోబరు 17

బల్ల కదలకుండా ప్రాక్టీసు చేస్తే ఏం లాభం?

కొల్లేటికోట వెళ్లాను. తెప్పకి ఏటా పడవలు ఇచ్చేది అక్కడి ఏడుకొండలు, గెడ వేసి తెప్ప నడిపేదీ అతనే. తన చిన్న పడవ ఒడ్డుకి తెచ్చి పట్టుకున్నాడు. బియ్యం మూటతో ఎక్కాను, నాలుగు అడుగులు, తిరిగాను, ఒడ్డు చూశాను. మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి. పన్నెండుసార్లు. వల సర్దుకుంటున్న ఆడవాళ్లు పని ఆపేసి కూర్చున్నారు. ఒకావిడ, బియ్యం మూటకి తెప్పోత్సవం చేత్తన్నారేటండి, అంది. అందరికన్నా ముందు నేనే నవ్వాను. నవ్వినా కాలు జారలేదు!

ఏడుకొండలు మోకాలు కూడా ఎప్పుడో పోయిందట. ఆపరేషనూ లేదు, వ్యాయామమూ లేదు, గెడ వేస్తూనే ఉన్నాడు. అదిగో చూశావా అని నాకు నేను చెప్పుకునేలోపు పంచె ఎత్తి చూపించాడు. కాలు తిన్నగా రాదు. బొప్పిలా గట్టిపడి వంకరగా ఉండిపోయింది. "అలవాటైపోయిందండి బాబూ. జారినప్పుడల్లా ఏం లేదులే అనుకునేవోణ్ణి" అన్నాడు.

దారంతా ఆ కాలే కళ్ల ముందు.

అక్టోబరు 26

నలభై ఆరు కాదులు. రమ్య గారు మోకాలు పట్టుకుని ముందుకి లాగి చూశారు. తాడు లేదని తెలుస్తూనే ఉందట, కానీ కండ పట్టుకుంటోందట. తెప్ప ఎక్కొచ్చా అని అడిగాను. బెల్టుతో, చిన్న అడుగులతో, వెనక ఒక మనిషితో. మూడూ ఉంటే ఎక్కండి, అన్నారు.

అన్నారు! స్టేషనులో మరమరాలు కొని పక్కన కూర్చున్న తెలియని ఆయనకి సగం పెట్టాను.

అక్టోబరు 27

వెనక మనిషి. శేషు తప్ప ఎవరు? వెళ్లి అడగాలంటే సిగ్గు. కాఫీ నాటి మాట ఇంకా మధ్యలోనే ఉంది.

వెళ్లాను. వాడు తులసికోట దగ్గర నీళ్లు పోస్తున్నాడు. నేను మాట పూర్తి చేసేలోపే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత చెంబు పక్కన పెట్టి అన్నాడు, "నీ వంతు నాకక్కర్లేదన్నయ్యా. నిరుడు నేను ఎక్కించినప్పుడు కాళ్లు రెండూ వణికాయి. స్వామి చేతుల్లోంచి ఒక్క జానెడు కిందికి దిగారు. ఎవరూ చూడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. నీకైనా అలా కాకూడదని అడిగాను."

నేనేమనుకున్నానో, వాడేమనుకున్నాడో. సిగ్గు ఇంకా ఎక్కువైంది.

నవంబరు 5

నాగుల చవితి. పొలాల గట్ల మీద, చిన్న అడుగులు, కర్రతో. శారద ముందు నడిచి దారి చూపించింది.

నవంబరు 9

ఆఖరి గూడెం. బియ్యం మూట అక్కడికే పట్టుకెళ్లి చూపించాను. రమ్య గారు ఫోనులో వీడియో తీసుకున్నారు. వేరే వాళ్లకి చూపిస్తారట! తర్వాత ఏంటండీ అన్నాను. ద్వాదశి అయ్యాక శనివారం కాగితం పట్టుకుని రండి, అది చూసి డాక్టరు గారితో మాట్లాడదాం, జారకపోతే ఆపరేషన్ మాట పక్కన పెడదాం, అన్నారు.

అరవై కాదులు. ఇంకో వారం.

నవంబరు 12

రెండు పడవలు కలిపి బల్లలు పరిచారు. అరటి బోదెలు, మామిడాకులు, లైట్లు. ఏడుకొండలు గెడకి పసుపు రాశాడు. సాయంత్రం బల్ల మీద ఒట్టి చేతులతో ఎక్కి తిరిగి చూశాను. అన్నం సహించడం లేదు. భయం కాదు, పరీక్ష రేపనగా పిల్లలకి ఉండేది.

నవంబరు 14

పొద్దున్నే రాస్తున్నాను. అమ్ములు ఇంకా లేవలేదు.

నిన్న సాయంత్రం. దీపాలు పెట్టే వేళ. ఒడ్డంతా జనం, ఉసిరికొమ్మలు, మేళం. స్వామి గుండెల మీదికి వచ్చారు. బియ్యం మూట పద్నాలుగు కిలోలూ ఇదీ ఒకటి కాదు. ఇది చల్లగా ఉంది, గంధం వాసన. వెనక శేషు చెయ్యి నా నడుం మీద.

కుడికాలు బల్ల మీద పెట్టాను. ఎడమకాలు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

మేళం వాళ్లకి ఎప్పుడూ గిర్రున తిరిగే లెక్క అలవాటు. నేను తిరుగుతూనే ఉన్నాను, సన్నాయి ఆయన ఊపిరి బిగబట్టి స్వరం పట్టుకుని ఉండిపోయాడు. ప్రతి అడుగుకీ స్వామి ఒక వైపు జనానికి కనపడ్డారు. ముందు రేవు మీద వాళ్లకి, తర్వాత చింతచెట్టు వైపు వాళ్లకి, తర్వాత గట్టు మీద ఆడవాళ్లకి. ఒక్కో గుంపూ చేతులెత్తడం చూస్తున్నాను. కళ్లు మసకబారాయి. అయినా అడుగు తప్పలేదు.

మూడు చుట్లూ తెప్ప తిరిగింది. నీళ్లన్నీ దీపాలు.

ఒడ్డుకి వచ్చాక ముసలాయన ఒకాయన, ఇన్నేళ్లలో స్వామి నా వైపు తిరిగి ఆగడం ఇదే చూశానండి పంతులు గారూ, ఇకమీదట ఇలాగే తిప్పండి, అన్నారు. శేషు, వచ్చే ఏడు నేనూ ఎనిమిది అడుగుల బాపతే అన్నాడు. శారద బెల్టు విప్పుతూ మోకాలి మీద చెయ్యి పెట్టి ఉంచింది.

ఇంత ఆనందం నాకు పెళ్లిలో కూడా లేదు. ఈ వాక్యం శారద చదవకూడదు.

ఇక రాయాల్సింది ఒకటుంది.

దిగేటప్పుడు. స్వామి చేతుల్లోనే ఉన్నారు. తెప్పకీ రేవుకీ మధ్య వేసిన బల్ల మీద కుడికాలు వేశాను. బరువు దాని మీదికి వచ్చింది. ఏదో కదిలింది. చిటికెలో సగం సేపు. శేషుకి తెలియలేదు, జనానికి తెలియలేదు. రెండో అడుగు రేవు రాయి మీద పడింది, అయిపోయింది. నొప్పి లేదు.

బల్లే. నీళ్ల మీది బల్ల కదలదా మరి.

నవంబరు 15

వాపు లేదు. అసలు లేదు. చూశాను, మళ్లీ చూశాను.

ఏడుకొండలు పడవలు విప్పుకోవడానికి వచ్చాడని తెలిసి వెళ్లాను. తాళ్లు చుట్టుకుంటున్నాడు. ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఏదో మామూలుగా అడిగినట్టు, మొన్న దిగేటప్పుడు ఆ బల్ల కాస్త కదిలినట్టుంది కదయ్యా, అన్నాను.

తలెత్తి చూశాడు. నా ముఖం చూశాడు, తర్వాత నా కాలు చూశాడు.

"కదల్లేదండి. దాని కొస మీద నేను నిలబడే ఉన్నానండి" అన్నాడు.

సాయంత్రం శారద గళ్ల కాగితం తీసి చూసి, అన్నీ నింపారు, పదమూడో తారీఖు ఆఖరి గడి వదిలేశారేంటండీ, అంది. స్నానం చేసి నింపుతానన్నాను. స్నానం అయింది.

నవంబరు 16

ఎనిమిదిన్నరకి బండి. అమ్ములు స్కేలు కూడా పట్టుకెళ్లు నాన్నా అంటోంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పెన్ను కూడా పెట్టుకున్నాను.